బ్రిటిల్ స్టార్ చేతులు ఒక్కొక్కటీ రాలిపోతున్నాయి, రీడింగులు మాత్రం అన్నీ బాగున్నాయి

సైనిక్‌పురి_సాల్ట్
ఐదు వారాల కిందట నా ఉప్పునీళ్ళ అక్వేరియం కోసం చెన్నై నుంచి పట్టీల బ్రిటిల్ స్టార్ (నక్షత్ర చేప లాంటి, సన్నటి పొడుగు చేతుల సముద్ర జీవి) ఒకటి తెప్పించాను. నడుమ బిళ్ళ పది రూపాయల నాణెమంత ఉంటుంది, చేతుల మీద గోధుమ రంగు, తెలుపు పట్టీలు. మొదటి మూడు వారాలు భేషుగ్గా ఉంది. రాత్రి లైటు ఆపగానే రాయి కింద నుంచి రెండు చేతులు బయటపెట్టి ఊపుతుంటే ఇంటిల్లిపాదీ కుర్చీలు వేసుకుని చూసేవాళ్ళం.

తర్వాత ఒక చేతి కొస విరిగింది. ఆ ముక్క ఇసుకలో చాలాసేపు మెలికలు తిరిగింది. మా పాప పాముపిల్ల అనుకుని ఏడ్చింది. మొన్న రెండో చెయ్యి, నిన్న రాత్రి మూడోది సగానికి. ఇప్పుడు బయటికే రావడం లేదు.

మూడడుగుల ట్యాంకు, సుమారు 190 లీటర్లు, 14 నెలల పాతది. క్లౌన్ చేపలు రెండు, సిక్స్‌లైన్ రాస్ చేప ఒకటి, క్లీనర్ రొయ్య, నత్తలు, హెర్మిట్ పీతలు. ఉప్పు 35 (కేజీ నీళ్ళకి గ్రాముల్లో), వేడి 26 డిగ్రీలు, పీహెచ్ 8.2, నైట్రేట్ 10, అమ్మోనియా జీరో. షాపతన్ని అడిగితే "బ్రిటిల్ అంటేనే విరిగేది కదా సార్" అన్నాడు. ఏం చెయ్యాలో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గోదారి_గట్టు
పెళుసు నక్షత్రం అని పేరు పెట్టుకున్నాక విరక్క ఏం చేస్తుంది. షాపతను నిజాయితీపరుడు.

రీఫ్_రాజా
ఉప్పు 35 అని దేంతో చూశారు? చుక్క వేసి కంటితో చూసే రిఫ్రాక్టోమీటరా, ముల్లు ఊగే ప్లాస్టిక్ డబ్బానా? రిఫ్రాక్టోమీటర్ అయితే దేంతో సరిచూశారు? స్టార్‌ని ట్యాంకు నీళ్ళకి ఎంతసేపు అలవాటు చేశారు? ఇవి చెప్పకుండా రీడింగులు బాగున్నాయంటే, పగిలిన థర్మామీటర్ చూసి జ్వరం లేదన్నట్టు ఉంటుంది.

సైనిక్‌పురి_సాల్ట్
రిఫ్రాక్టోమీటరే. ఆర్‌ఓ నీళ్ళ చుక్క వేసి జీరో చేశాను. కవర్ కాసేపు ట్యాంకులో తేలేసి, తర్వాత గ్లాసు గ్లాసు నీళ్ళు కలుపుతూ మొత్తం నలభై నిమిషాలు పెట్టాను.

రీఫ్_రాజా
దొరికింది జవాబు. నలభై నిమిషాలు క్లౌన్ చేపకి సరిపోతాయి, స్టార్‌కి కాదు. చేపకి కిడ్నీలున్నాయి, బయట ఉప్పు మారితే లోపల సర్దుకుంటుంది. స్టార్‌కి ఆ ఏర్పాటే లేదు, బయట ఎంత ఉప్పుంటే ఒంట్లోనూ అంతే. నేను మెడికల్ షాపులో సెలైన్ పైపు కొని, చక్రం బిగించి, చుక్కా చుక్కా రెండు మూడు గంటలు వేస్తాను. బకెట్లో నీళ్ళు మూడింతలయ్యాకే ట్యాంకులోకి.

ఇంకోటి, రిఫ్రాక్టోమీటర్‌ని మామూలు నీళ్ళతో జీరో చేస్తే 35 దగ్గర తప్పు చూపించొచ్చు. 35 అని రాసి ఉన్న ద్రావణం సీసా దొరుకుతుంది, దాంతో సరిచూడండి.

వైజాగ్_అలలు
రాజా అన్నా, కిడ్నీ లేదన్నది కరెక్టే కానీ మరీ అంత సున్నితమైనవి కావు. మా దగ్గర తెన్నేటి పార్కు కింద రాళ్ళల్లో పోటు దిగినప్పుడు చూస్తుంటాను, రాయి నీడలో చేతులు మాత్రమే కనిపిస్తాయి. వానాకాలం పోయాక అక్టోబర్, నవంబర్‌లో పైనున్న నదుల నీళ్ళన్నీ తీరం వెంట కిందికి వచ్చి ఇక్కడ సముద్రం ఉప్పు బాగానే తగ్గుతుంది. అయినా బతుకుతున్నాయి.

రీఫ్_రాజా
అది వారాల తరబడి మెల్లగా తగ్గుతుంది అన్నా. మెట్లు దిగడం వేరు, డాబా మీంచి దూకడం వేరు.

డల్లాస్_శీను
సిక్స్‌లైన్ రాస్ ఉందన్నారు కదా, దాని మీద ఓ కన్నేయండి. నా దగ్గరున్నది కనపడిన ప్రతి చేతి కొసనీ పొడిచేది. టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టి రాత్రి చూడండి, ఎర్ర వెలుతురుని ఇవి పెద్దగా పట్టించుకోవు.

గోదారి_గట్టు
అర్ధరాత్రి ఎర్ర లైటుతో హాల్లో కూర్చుంటే ఇంట్లోవాళ్ళు చేతబడి అనుకుంటారు.

ఉప్పునీళ్ళ_ఉమ
రాజా గారు చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే, కానీ ఈ కేసుకి సరిపోవడం లేదు. అలవాటు చెయ్యడంలో తేడా వస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే తెలుస్తుంది. బిళ్ళ మెత్తబడుతుంది, చేతులు ఒక్కసారిగా రాలతాయి. వీరిది మూడు వారాలు హాయిగా తిరిగి తర్వాత మొదలైంది. అంటే ట్యాంకులో ఏదో మెల్లగా పేరుకుంటోంది.

రాస్ పని అయితే కొసలు కొరికినట్టు గరుకుగా ఉంటాయి. తనంతట తను వదిలేస్తే కీలు దగ్గర నున్నగా తెగుతుంది. వీటి చేతుల్లో వెన్నుపూసల్లాంటి బిళ్ళలు వరసగా ఉంటాయి, కావాలనుకున్నప్పుడు రెండు బిళ్ళల మధ్య కట్టు వదులు చేసి చెయ్యి తెంపేసుకుంటుంది, బల్లి తోక వదిలినట్టు. ఫొటోలో తెగిన చోటు కాస్త దగ్గరగా చూపిస్తారా? ఇంకో ప్రశ్న. నత్తలు ఎలా ఉన్నాయి?

సైనిక్‌పురి_సాల్ట్
ఫొటో పెట్టాను. నున్నగానే ఉంది మేడం.

నత్తలంటే... నాలుగు టర్బోల్లో రెండు పోయాయి. ఒకటి ఏప్రిల్‌లో, ఒకటి పోయిన వారం. వయసైపోయిందేమో అనుకున్నాను. మిగతా రెండూ అద్దం మీద ఎక్కడం మానేసి ఇసుకలో పడున్నాయి.

బ్లూలెగ్_బాబు
నత్తలు పోతున్నాయి, స్టార్ చేతులు వదిలేస్తోంది, చేపలకి మాత్రం ఏమీ కావట్లేదు. రాగి బ్రో. కళ్ళు మూసుకుని చెప్తాను.

నాకు అనుభవం. తెల్లమచ్చల జబ్బుకి రాగి మందు వాడిన పాత ట్యాంకులోని రాయిని కడిగి, ఎండబెట్టి, శుభ్రంగా ఉంది కదా అని హాల్లో ఉండే మెయిన్ ట్యాంకులో పెట్టాను. రెండు నెలల్లో హెర్మిట్లన్నీ ఖాళీ గుల్లలు. చేపలు దర్జాగా తిరిగాయి. రాయి రాగిని పీల్చుకుని దాచుకుంటుంది, తర్వాత కొంచెం కొంచెంగా వదుల్తుంది.

సైనిక్‌పురి_సాల్ట్
నేను ఏ మందూ వాడలేదు. రాళ్ళు కొత్తగా కొన్న పొడి రాళ్ళు. రాగి ఎక్కడినుంచి వస్తుంది?

డల్లాస్_శీను
మా ఇళ్ళల్లో గోడల్లో పైపులే రాగివి, అందుకే ఇక్కడ కుళాయి నీళ్ళు నేరుగా పోయరు. హైదరాబాద్‌లో ప్లాస్టిక్ పైపులేగా?

ఉప్పునీళ్ళ_ఉమ
ఆవిరైన నీళ్ళ బదులు రోజూ పోసేది ఏ నీళ్ళు? ఎంత?

సైనిక్‌పురి_సాల్ట్
వంటింట్లో ఆర్‌ఓ నీళ్ళే. ఎండాకాలం చిల్లర్ లేక రెండు ఫ్యాన్లు పెట్టాను, రోజుకి మూడు లీటర్లు పోయాల్సి వస్తుంది. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క) 70.

రీఫ్_రాజా
70 ఏంటి? జీరో ఉండాలి. తాగే ఆర్‌ఓలో రుచి కోసం కొంత నీళ్ళు మళ్ళీ కలుపుతారు, అదే ఆ 70. సరే, ఆల్గీ పెరుగుతుంది కానీ దానికి స్టార్ చేతులు రాలవు.

చిన్నట్యాంక్
బ్రో ఒక్కసారి వంటింట్లోకి వెళ్ళి ఆ ఆర్‌ఓ మీద ఏం రాసుందో చూసి రా. ఈమధ్య వచ్చేవాటిలో రాగి కలిపే క్యాట్రిడ్జ్ ఉంటోంది.

సైనిక్‌పురి_సాల్ట్
చూశాను.

మార్చిలో మా అత్తగారు పాతది ఎక్స్ఛేంజ్ ఇచ్చి కొత్తది పెట్టించారు. తెల్ల మెషీనే కాబట్టి నేను పట్టించుకోలేదు. ముందు వైపు స్టిక్కర్ మీద రాగి చెంబు బొమ్మ, పక్కన ఆరోగ్యానికి రాగి గుణాలు అని రాసి ఉంది. కుళాయి పక్కన నీలం బిళ్ళ వెలుగుతోంది. మార్చి నుంచి జూన్ వరకు రోజుకి మూడు లీటర్లు పోశాను.

గోదారి_గట్టు
ఆవిడ అల్లుడి ఆరోగ్యం కోసం పెట్టించారు. అల్లుడు దాన్ని తీసుకెళ్ళి నక్షత్రానికి పోశాడు.

బ్లూలెగ్_బాబు
చెప్పానా!

ఉప్పునీళ్ళ_ఉమ
లెక్క మీకే అర్థమైపోతుంది. ఆవిరై పోయేది నీళ్ళు, రాగి పోదు. రోజూ మూడు లీటర్లతో పాటు వచ్చిన రాగి ట్యాంకులోనే ఉండిపోతుంది, కొంత నీళ్ళలో, ఎక్కువ రాళ్ళలో, ఇసుకలో. చేపల జబ్బుకి వాడే మోతాదు లీటరుకి 0.2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. నత్తలు, రొయ్యలు, స్టార్ల లాంటి ముళ్ళచర్మం జీవులు అంతకంటే చాలా తక్కువకే పోతాయి. నత్తలు ముందు చెప్పాయి, మీరు వయసైపోయింది అనుకున్నారు.

రీఫ్_రాజా
టెస్ట్ చెయ్యకుండా ఆర్‌ఓకి ఉరిశిక్ష వేసేశారు. ముందు రాగి కిట్ తెచ్చి చూడండి. ఉప్పు కూడా 35 ద్రావణంతో సరిచూడండి. క్లీనర్ రొయ్య బతికే ఉంది కదా, రాగి అయితే ముందు అదే పోవాలి.

చిన్నట్యాంక్
రాజా అన్న పాయింట్ కూడా ఉంది. రొయ్య ఎలా ఉంది బ్రో?

సైనిక్‌పురి_సాల్ట్
రొయ్య బాగానే ఉంది. నెలన్నరగా పొలుసు విడవలేదు, అంతే.

ఉప్పునీళ్ళ_ఉమ
"అంతే" కాదు. ముందు స్టార్‌ని అందులోంచి తీసేయండి, పరీక్షలు తర్వాత చేసుకోవచ్చు.

చిన్నట్యాంక్
కూకట్‌పల్లిలో నా సంప్‌లో, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో, జాగా ఉంది. చేపలు లేవు, రాళ్ళు, నాచు అంతే. అందులో ఇప్పటికే బుల్లి బ్రిటిల్ స్టార్లు వందల్లో ఉన్నాయి, వాటితో పాటు ఇదీ ఉంటుంది. ఐదు కేజీల పెరుగు బకెట్ ఉంటుంది కదా, మూత ఉన్నది, అది కడిగి తీసుకురా. సబ్బు పెట్టొద్దు, వేడి నీళ్ళతో కడుగు.

వైజాగ్_అలలు
వందల్లోనా? ఎక్కడ కొన్నావ్ తమ్ముడూ?

చిన్నట్యాంక్
కొనలేదు అన్నా, ఎవరో ఇచ్చిన నాచుతో పాటు వచ్చాయి. మొదట్లో రాతి రంధ్రాల్లోంచి తెల్ల దారాలు ఊగుతుంటే పురుగులనుకుని పట్టకారుతో లాగేవాణ్ణి. ఒకరోజు లాగితే చివర్న కందిగింజంత బిళ్ళ వచ్చింది, దానికి ఇంకో నాలుగు దారాలు. అప్పుడు తెలిసింది. ఫిల్టర్ సాక్సు తిరగేస్తే ఇరవై ముప్పై రాలతాయి.

ఉప్పునీళ్ళ_ఉమ
అవి ఎక్కువగా ఆంఫిఫోలిస్ స్క్వమాటా అయ్యుంటాయి. తల్లి పిల్లల్ని తన బిళ్ళలోనే పెంచి బయటికి వదుల్తుంది, అందుకే ట్యాంకుల్లో అంతగా పెరుగుతాయి. ఆరు చేతులవి కనిపిస్తే ఓఫియాక్టిస్, అది బిళ్ళనే మధ్యకి చీల్చుకుని రెండవుతుంది. ఒక్కోసారి ఒకవైపు మూడు పెద్ద చేతులు, ఇంకోవైపు మూడు బుడిపెలతో కనిపిస్తుంది. ఏవీ హాని చెయ్యవు. మిగిలిన తిండి, చేప రెట్టా తిని బతుకుతాయి.

గోదారి_గట్టు
అయితే సైనిక్‌పురి గారి స్టార్ పారేసిన మూడు ముక్కలూ మూడు స్టార్లు అవుతాయా? లాభమే కదా.

ఉప్పునీళ్ళ_ఉమ
అవ్వవు. బిళ్ళ లేకుండా ఉత్త చెయ్యి కొన్నాళ్ళు కదిలి చచ్చిపోతుంది. లింకియా లాంటి కొన్ని మామూలు నక్షత్ర చేపలకి ఒక్క చేతి నుంచి మొత్తం ఒళ్ళు పెంచుకునే శక్తి ఉంది, అది విని జనం అన్నిటికీ అంటగట్టేస్తారు. సైనిక్‌పురి గారూ, ఆ ముక్కలు తీసి పారేయండి, కుళ్ళితే అమ్మోనియా.

వైజాగ్_అలలు
ఇక్కడ బీచ్‌లో ఇన్ని ఉన్నాయి కదా, రాయితో సహా ఒకటి తెచ్చి పెట్టుకుంటే? ఖర్చు లేదు.

మాడరేటర్_మున్నేరు
ఈ ప్రశ్న ఏడాదికి రెండుసార్లు వస్తుంది కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. మన తీరంలో రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సముద్రం నుంచి రాయి పీకితే దాని మీద పగడం ఉందో లేదో చూసేది మీరు కాదు, అటవీ శాఖ. ఈ వేదికలో బీచ్ నుంచి తెచ్చుకునే విషయం చర్చించం. పోటు దిగినప్పుడు వెళ్ళి చూడండి, ఎత్తిన రాయి ఎత్తినట్టే పెట్టి రండి.

వైజాగ్_అలలు
అలాగేనండి. ఉత్తినే అడిగాను.

డల్లాస్_శీను
స్టార్ కొనేవాళ్ళకి ఒక మాట, టాపిక్ కాకపోయినా. ఆకుపచ్చది మాత్రం తేకండి. ఓఫియరాక్నా ఇంక్రస్సాటా. అందంగా ఉంటుంది, షాపులో ఎప్పుడూ బయటే కూర్చుంటుంది, అన్నిటికంటే చురుకు. ఎందుకు చురుకో నాకు రెండు నెలల తర్వాత తెలిసింది.

ముందు ఫైర్‌ఫిష్ కనపడలేదు, దూకి చచ్చిందేమో అని సోఫా కింద వెతికాను. తర్వాత గోబీ చేప. నేరం క్లీనర్ రొయ్య మీద వేశాను. ఒకరోజు రాత్రి ఒంటిగంటకి నీళ్ళ కోసం లేచి చూస్తే స్టార్ ఐదు చేతుల కొసల మీద పైకి లేచి నిలబడి ఉంది. బిళ్ళ పైన, కింద ఖాళీ, అచ్చం కోడిపిల్లల మీద బోర్లించిన గంపలా. నిద్రలో ఉన్న ఇంకో గోబీ చక్కగా నీడ దొరికిందని దాని కిందికి వెళ్ళి పడుకుంది. నేను అద్దం కొట్టేలోపే చేతులన్నీ ఒకే వైపు మెలి తిరిగి గంప మూసుకుంది. అర సెకను పట్టలేదు. అలా చూస్తూ నిలబడిపోయాను.

గోదారి_గట్టు
ఇక్కడ చేపలు పెంచుతున్నారా, క్రైమ్ సినిమా తీస్తున్నారా.

బ్లూలెగ్_బాబు
శీను అన్నా, నా దగ్గర ఆకుపచ్చది నాలుగేళ్ళుగా ఉంది, ఒక్క చేప పోలేదు. రోజు మార్చి రోజు రొయ్య ముక్క పెడతాను. కడుపు నిండినది వేటాడదు. ఆకలికి వదిలేసి హంతకురాలు అంటే ఎలా?

డల్లాస్_శీను
నీ ట్యాంకులో చేపలు ఏవి?

బ్లూలెగ్_బాబు
రెండు టాంగ్‌లు, ఒక ఫాక్స్‌ఫేస్.

డల్లాస్_శీను
అవి దాని గంపలో పట్టవు బాబూ, అందుకే పోలేదు.

ఉప్పునీళ్ళ_ఉమ
తిండి పెట్టే విషయంలో మాత్రం బాబు గారు చెప్పింది అన్ని జాతులకీ వర్తిస్తుంది. చెత్త తిని బతికేస్తుందని అమ్ముతారు, శుభ్రంగా ఉన్న ట్యాంకులో పెద్ద స్టార్‌కి చెత్త సరిపోదు. వారానికి రెండు మూడుసార్లు, లైటు ఆపాక, శనగగింజంత రొయ్య ముక్క చేతికి తగిలేలా పెడితే చాలు. ముక్క తగిలిన చెయ్యి చుట్ట చుట్టుకుని నోటి దగ్గరికి తీసుకెళ్తుంది, అది చూడ్డానికే పెంచాలి అనిపిస్తుంది. నోరు బిళ్ళకి కింద ఉంటుంది. వేరే దారి లేదు, అరిగింది పోగా మిగిలినదీ ఆ నోట్లోంచే బయటికి.

గోదారి_గట్టు
మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు...

మాడరేటర్_మున్నేరు
గోదారి, చాలు.

సైనిక్‌పురి_సాల్ట్
అప్‌డేట్. స్టార్‌ని ఆదివారం కూకట్‌పల్లి చేర్చాను. పెరుగు బకెట్ కాళ్ళ మధ్య పెట్టుకుని క్యాబ్‌లో వెళ్ళాను, డ్రైవర్ రెండుసార్లు "పెరుగేనా సార్, కారుతోంది" అన్నాడు. అక్కడ సెలైన్ పైపుతో మూడు గంటలు. ఆ మూడు గంటల్లో చిన్నట్యాంక్ వాళ్ళమ్మగారు ఉప్మా పెట్టారు.

పరీక్షలు కూడా అయ్యాయి. 35 ద్రావణం నా రిఫ్రాక్టోమీటర్‌లో 38 చూపించింది, అంటే ఇన్నాళ్ళూ నేను 35 అనుకున్నది 32. రాజా అన్నా, అక్కడ మీరే కరెక్టు. రాగి కిట్‌లో ట్యాంకు నీళ్ళు జీరో రంగే. ఆర్‌ఓ కుళాయి నీళ్ళు నేరుగా పరీక్షిస్తే మాత్రం రంగు లేతగా మారింది.

రీఫ్_రాజా
ట్యాంకులో జీరో వచ్చింది. మరి ఇన్ని పోస్టులు దేనికి?

బ్లూలెగ్_బాబు
అన్నా, ఆ కిట్‌లో జీరో తర్వాత గీత 0.25. మధ్యలో ఏముందో అది చెప్పదు, నత్త చెప్తుంది.

ఉప్పునీళ్ళ_ఉమ
పైగా రాగి ఎక్కువగా రాళ్ళలోనే ఉంటుంది. రెండూ నిజమై ఉండొచ్చు, 32 ఉప్పు వల్ల మొదట నీరసపడింది, రాగి మిగతాది చేసింది. ఇప్పుడు ఎవరు గెలిచారో తేల్చడం కంటే జీరో టీడీఎస్ నీళ్ళు చూసుకోవడం ముఖ్యం. విడిగా ఆర్‌ఓ, చివర్లో డీఐ రెసిన్ (మిగిలిన లవణాల్ని కూడా పట్టేసేది) ఉన్నది పెట్టించండి. రాగిని పీల్చే రెసిన్ సంచి, యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్లో వేసి వారానికి ఇరవై శాతం నీళ్ళు మార్చండి. ఉప్పు ఒక్కసారిగా 35కి లేపకండి, మిగిలిన రెండు నత్తలకీ అదే నియమం.

సైనిక్‌పురి_సాల్ట్
అలాగే మేడం. మా అత్తగారు విషయం తెలిసి "మరి నేను రోజూ తాగుతున్నానే, నా చేతులు బానే ఉన్నాయే" అన్నారు.

గోదారి_గట్టు
ఆవిడకి ఐడీ చేసిపెట్టండి, ఇక్కడ మాకంటే బాగా రాస్తారు.

చిన్నట్యాంక్
మూడు వారాల రిపోర్ట్. మొదటి వారం బతికుందో లేదో తెలియలేదు, రాయి కింద నుంచి కదల్లేదు. తొమ్మిదో రోజు రాత్రి రొయ్య ముక్క పెడితే మిగిలిన పొడుగు చేతుల్లో ఒకటి నెమ్మదిగా వచ్చింది, ముక్కని తాకి, ఆగి, మళ్ళీ తాకి, లాక్కుంది. తర్వాత కొత్తగా ఏ చెయ్యీ విరగలేదు. తెగిన చోట్ల చర్మం మూసుకుంది.

రీఫ్_రాజా
నీ సంప్ ఉప్పు ఎంత?

చిన్నట్యాంక్
35 అన్నా. టీడీఎస్ జీరో.

రీఫ్_రాజా
చూశారా, 35.

బ్లూలెగ్_బాబు
చూశారా, జీరో.

సైనిక్‌పురి_సాల్ట్
సెప్టెంబర్ అప్‌డేట్. కొత్త డీఐ ఫిల్టర్ పెట్టించి మూడు నెలలు అవుతోంది. రెసిన్ సంచి రెండుసార్లు మార్చాను. ఆగస్టులో కొన్న రెండు నత్తలు అద్దం మీద తిరుగుతున్నాయి, రొయ్య రెండుసార్లు పొలుసు విడిచింది.

నిన్న కూకట్‌పల్లి వెళ్ళి స్టార్‌ని చూశాను. తెగిన మూడు చేతులకీ కొసలు వచ్చాయి. పాత చెయ్యి లావుగా పట్టీలతో వచ్చి ఆగిపోతుంది, అక్కడినుంచి అగ్గిపుల్లంత సన్నంగా, పాలిపోయిన రంగులో కొత్తది మొదలవుతుంది. ఒకదాని మీద అప్పుడే మొదటి గోధుమ పట్టీ కూడా పడింది. వేలిగోరు వెడల్పంత లేదు కానీ అది ఊపుతుంటే మా పాప చప్పట్లు కొట్టింది.

చిన్నట్యాంక్ బ్రో, వచ్చే ఆదివారం బకెట్ తీసుకుని రమ్మంటావా?

చిన్నట్యాంక్
ఏ స్టార్ బ్రో?

గోదారి_గట్టు
మొదలైంది.

చిన్నట్యాంక్
సరదాకి అన్నాను. కానీ మా అమ్మ రోజూ రాత్రి తొమ్మిదింటికి రొయ్య ముక్క పట్టుకుని సంప్ దగ్గర కూర్చుంటోంది. దానికి పేరు కూడా పెట్టింది. ఆదివారం నువ్వే వచ్చి ఆవిడతో మాట్లాడుకో, నేను ఇంట్లో ఉండను.